నాలుగో అంతస్తు చివరి గది: ఒక విదేశీ ఇంగ్లీషు టీచరు కేస్ స్టడీ

దక్షిణ కొరియా ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లీషు బోధించడానికి కొత్తగా వచ్చే విదేశీయులకు నేను మార్గదర్శిగా ఉన్న రోజుల్లో చూసిన కేసు ఇది. ఇందులోని ఇద్దరు ఉపాధ్యాయినుల అనుమతి తీసుకున్నాకే రాస్తున్నాను. ఊరి పేరు, బడి పేరు, కొత్త టీచరు ఏ దేశస్థురాలో చెప్పడం లేదు. గుర్తుపట్టడానికి వీలున్న చిన్న వివరాలు కొన్ని మార్చాను. ఈ కేసు మధ్యలో నేను తీసుకున్న ఒక నిర్ణయం వల్ల ఒక మనిషి బాధపడింది. ఆ భాగాన్ని మిగతావాటికంటే వివరంగా రాశాను. ఈ పనిలో ఉన్నవాళ్ళకు అన్నిటికంటే ఉపయోగపడేది అదేనని నా నమ్మకం.

నేపథ్యం

కొరియా పిల్లలకు ఇంగ్లీషు మూడో తరగతిలో మొదలవుతుంది. 1997 నుంచి ఈ పద్ధతి ఉంది. మూడు, నాలుగు తరగతులకు వారానికి రెండు పిరియడ్లు, ఐదు, ఆరు తరగతులకు మూడు. పిరియడ్ అంటే 40 నిమిషాలు. ఈ తరగతుల్లో కొరియన్ ఉపాధ్యాయులతో కలిసి పాఠం చెప్పడానికి ప్రభుత్వం 1995 నుంచి ఎపిక్ అనే కార్యక్రమం కింద విదేశీయులను తీసుకువస్తోంది. పిల్లలు వీరిని వొనొమిన్ సొన్సెంగ్నిమ్ అంటారు. పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడే టీచరుగారు అని అర్థం. భాష బోధించడానికి వచ్చే విదేశీయులకు ఇచ్చే ఇ-2 వీసా ప్రధానంగా అమెరికా, కెనడా, బ్రిటన్, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా పౌరులకు ఇస్తారు. భారత్, కొరియాల మధ్య కుదిరిన ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం 2010 జనవరి 1న అమల్లోకి వచ్చాక, ఇంగ్లీషు బోధనలో ఉపాధ్యాయ అర్హత ఉన్న భారతీయులకు కూడా సహాయ ఉపాధ్యాయులుగా దారి తెరుచుకుంది. రాజమండ్రిలో బి.ఎడ్. చదివిన నేను ఆ దారినే ఇక్కడికి వచ్చాను.

ఈ కేసుకు కీలకమైన లెక్క ఒకటి ఉంది. ఒప్పందం ప్రకారం వారానికి 22 పిరియడ్లు చెప్పాలి, 40 గంటలు బడిలో ఉండాలి. 22 పిరియడ్లంటే గట్టిగా పదిహేను గంటలు కూడా కావు. మిగిలిన పాతిక గంటలు తన బల్ల దగ్గర గడుస్తాయి. శిక్షణలో మనం ఆ పదిహేను గంటల గురించే మాట్లాడతాం. ఆట ఎలా ఆడించాలి, గొడవ చేసే పిల్లవాణ్ణి ఎలా దారిలో పెట్టాలి, చిత్రాల కార్డులు ఎలా వాడాలి. పాతిక గంటల గురించి ఎవరూ ఏమీ చెప్పరు. నేనూ చెప్పలేదు.

కొత్త టీచరుకు ఇరవై నాలుగేళ్ళు. ఆగస్టు చివర వచ్చింది. ఇంటికి దూరంగా ఉండటం అదే మొదటిసారి. వారంలో మూడు రోజులు పట్టణంలోని పెద్ద ప్రాథమిక పాఠశాలలో, రెండు రోజులు బస్సులో అరగంట దూరాన ఉన్న చిన్న పల్లె బడిలో పని. పెద్ద బడిలో ఆమెకు ఒక కొరియన్ సహోపాధ్యాయిని ఉంది. ముప్పై ఏళ్ళ లోపు వయసు, మితభాషి, పాఠానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండే మనిషి.

ఆమె చెప్పిన సమస్య

నవంబరు మొదటి వారంలో నాకు ఉత్తరం వచ్చింది. డిసెంబరులో వెళ్ళిపోతాను, ఎలా వెళ్ళాలో చెప్పండి అని సారాంశం. ఆ వారాంతమే కలిశాను.

పిల్లలతో ఇబ్బంది లేదు. గది చిన్నదైనా వెచ్చగా ఉంది. తడి చెత్త వేరు, సీసాలు వేరు, మిగిలినదానికి దుకాణంలో కొన్న ప్రత్యేక సంచి అనే ఇక్కడి నియమం కూడా అలవాటైంది. బడి భోజనం ఇష్టమే. ఫిర్యాదు ఒక్కటే: "నాకు ఎవరూ ఏమీ చెప్పరు." సెప్టెంబరులో ఒకరోజు నాలుగు తరగతులకు కాగితాలు కత్తిరించి, అతికించి సిద్ధమై కూర్చుంటే ఒక్క పిల్లవాడూ రాలేదు. అందరూ విహారయాత్రకు వెళ్ళారు. ఇంకోసారి మూడో పిరియడ్ మొదటి పిరియడ్‌గా మారింది. ఆమె వెళ్ళేసరికి పాఠం సగమైంది. తల్లిదండ్రులు వచ్చి చూసే బహిరంగ పాఠం సంగతి రెండు రోజుల ముందు తెలిసింది.

ఆమె తనంతట తాను ఒక ప్రయత్నం చేసింది. ప్రతి శుక్రవారం వచ్చే వారం పట్టిక పంపమని సహోపాధ్యాయినిని అడిగింది. పట్టిక వచ్చేది. సోమవారం మధ్యాహ్నానికి అది పాతబడిపోయేది. "ఆమె కావాలనే చేస్తోంది" అని ఆమె నిర్ధారణకు వచ్చేసింది.

ఇలాంటి ఫిర్యాదు నాకు కొత్త కాదు. కొరియాలో పనిచేసిన విదేశీ టీచర్లలో చివరి నిమిషం మార్పుల గురించి చెప్పనివారిని నేను చూడలేదు. అందుకే తేలిగ్గా తీసుకున్నాను. నిద్ర పడుతోందా, తింటోందా, ఇంటివాళ్ళతో మాట్లాడుతోందా అని అడిగాను. అన్నిటికీ అవుననే చెప్పింది. వైద్యుల దగ్గరికి పంపాల్సిన స్థితి కాదనిపించింది. అయినా ఆ ప్రశ్నలు తర్వాత కూడా రెండు వారాలకోసారి అడుగుతూనే ఉన్నాను. ఇ-2 వీసా యజమానికి కట్టుబడి ఉంటుందని, మధ్యలో వదిలితే వేరే బడిలో చేరడానికి ఈ బడి నుంచి అనుమతి పత్రం కావాలని వివరించి, నెల రోజులు గడువు ఇమ్మన్నాను.

నేను చేసిన తప్పు

సమాచారం అందడం లేదు కాబట్టి అందే మార్గాన్ని అధికారికంగా ఏర్పాటు చేయాలి అనుకున్నాను. బడిలో రోజువారీ వ్యవహారాలు చూసేది క్యోగామ్, అంటే ఉప ప్రధానోపాధ్యాయుడు. ఆయన గదిలో కొత్త టీచరు, సహోపాధ్యాయిని, నేను కూర్చుని మాట్లాడే ఏర్పాటు చేశాను. నలుగురం ఒకచోట కూర్చుంటే అపార్థాలు పోతాయని నా ఆలోచన. అంతకుముందు వేరే బడిలో ఈ పద్ధతి పనిచేసింది కూడా.

సమావేశం ఇరవై నిమిషాల్లో ముగిసింది. క్యోగామ్ మర్యాదగా విన్నారు. సహోపాధ్యాయిని వైపు తిరిగి, ఇకనుంచి జాగ్రత్తగా చెప్పండి అన్నారు. ఆమె తల వంచి సరేనంది. నేను సంతృప్తిగా బయటికి వచ్చాను.

ఆ తర్వాతి రెండు వారాలు ఇద్దరి మధ్య మాటలు ఆగిపోయాయి. అంతకుముందు పాఠం అయ్యాక ఇద్దరూ కలిసి బల్లలు సర్దేవారు, పిల్లల గురించి ఒకటి రెండు ముక్కలు మాట్లాడుకునేవారు. ఇప్పుడు ప్రతి మార్పూ అచ్చువేసిన కాగితం మీద, తేదీ వేసి, సంతకం పెట్టి వచ్చేది. తాను చెప్పానని రుజువు ఉండాలన్నట్టు. మార్పులు మాత్రం ఆగలేదు. కాగితం వచ్చేసరికి ఆలస్యమయ్యేది.

ఎందుకిలా జరిగిందో ఆ ఊళ్ళోని మరో కొరియన్ ఉపాధ్యాయురాలి ద్వారా తెలిసింది. సహోపాధ్యాయినిది శాశ్వత ఉద్యోగం కాదు. ప్రసవానంతర సెలవులో ఉన్న టీచరు స్థానంలో ఫిబ్రవరి వరకు ఒప్పందం మీద వచ్చింది. ఇలాంటివారిని ఇక్కడ కిగాన్జే టీచర్లు అంటారు. తర్వాతి ఉద్యోగానికి ఈ బడిలో సంపాదించుకునే మంచి పేరే ఆమెకు ఆధారం. అలాంటి మనిషిని, ఒక విదేశీయురాలి ఫిర్యాదు మీద, ఆమె భవిష్యత్తు గురించి మాట చెప్పగల పెద్దమనిషి ముందు కూర్చోబెట్టాను. ముందు ఆమెతో ఒక్క మాట కూడా మాట్లాడకుండా.

వేరే బడిలో ఈ పద్ధతి ఎందుకు పనిచేసిందో అప్పుడు అర్థమైంది. అక్కడి సహోపాధ్యాయిని పదిహేనేళ్ళ అనుభవమున్న శాశ్వత ఉద్యోగి. ఆమెకు పోయేదేమీ లేదు. నేను సమావేశమనే పద్ధతిని చూశాను కానీ అందులో కూర్చున్న మనిషికి ఏం పోతుందో చూడలేదు. ఇప్పుడు ఏ బడికి వెళ్ళినా సహోపాధ్యాయుల ఒప్పందం ఎలాంటిదో, ఎప్పటివరకో మొదటి రోజే తెలుసుకుంటాను.

సైరన్

ఈ మధ్యలోనే ఇంకో ప్రయత్నం చేశాం. కొరియా బడుల్లో ఉపాధ్యాయుల కంప్యూటర్లన్నిటిలో అంతర్గత సందేశాల ప్రోగ్రామ్ ఒకటి ఉంటుంది. కొత్త టీచరు కంప్యూటర్‌లోనూ పెట్టించి, ఫోనులో అనువాదం చేసుకోమన్నాను. రోజుకు ముప్పై నలభై సందేశాలు వచ్చిపడ్డాయి. ప్రింటర్ సిరా, సెలవు పత్రాలు, ఎవరింట్లోనో చావు కబురు. మనుషుల పేర్లను కూడా అనువాద యంత్రం మామూలు మాటలుగా మార్చేసేది. అందులో తనకు సంబంధించినది ఏదో ఆమెకు తెలిసేది కాదు. వారం రోజుల్లో చూడటం మానేసింది.

మూడోసారి కలిసినప్పుడు చాలాసేపు మౌనంగా ఉండి, అక్టోబరు చివర్లో జరిగిన సంగతి చెప్పింది. ఒక మధ్యాహ్నం ఆమె నాలుగో అంతస్తు చివర ఉన్న ఇంగ్లీషు గదిలో ఒంటరిగా ఉంది. సైరన్ మోగింది. మైకులో కొరియన్‌లో ఏదో గట్టిగా చెబుతున్నారు. కారిడార్‌లోకి వస్తే ఎవరూ లేరు. కిటికీలోంచి చూస్తే పిల్లలంతా ముక్కులకు గుడ్డలు అడ్డం పెట్టుకుని మైదానంలో వరుసల్లో కూర్చుని ఉన్నారు. అది విపత్తు విన్యాసం మాత్రమే. ఆమెకు ఆ సంగతి తెలియదు. యుద్ధం వచ్చిందేమో అనుకుంది. "నిజంగా ఏదైనా జరిగినా నేను పైన ఉన్నానని ఎవరికీ గుర్తురాదు" అని ఏడ్చింది.

ఆమె వెళ్ళిపోవాలనుకున్నది పిరియడ్లు మారినందుకు కాదని అప్పుడు తెలిసింది. మొదటిరోజు నేను తేలిగ్గా తీసుకున్నందుకే ఆ సంగతి నాకు చెప్పలేకపోయిందేమో అన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఆ క్షణంలో ఓదార్పుకంటే నాకు ఒక ప్రశ్న తట్టింది. పల్లె బడిలో కూడా ఆ విన్యాసం జరిగి ఉండాలి కదా, అక్కడేమైంది అని అడిగాను. ఆమె కళ్ళు తుడుచుకుని, "అక్కడ భోజనం దగ్గర ఆరో తరగతి టీచరు చెప్పాడు. చేతులతో సైరన్ లాగా తిప్పి చూపించి, రెండు గంటలకు అన్నాడు. నేను వాళ్ళతోనే వెళ్ళాను" అంది. పల్లె బడిలో ఎవరికీ ఇంగ్లీషు సరిగా రాదు. ఈమె కొరియన్ అక్కడా అంతంతమాత్రమే. అయినా అక్కడి గురించి ఒక్క ఫిర్యాదూ లేదు. అదే మనిషి, అదే భాష, అదే ఉద్యోగం. తేడా ఎక్కడుందో వెతకాల్సిన చోటు దొరికింది.

ఏది పనిచేసింది

పల్లె బడిలో టీచర్లందరూ ఒకే బల్ల దగ్గర తింటారు, ఒకే గదిలో కూర్చుంటారు. పెద్ద బడి సంగతి చూడటానికి ఒక రోజంతా అక్కడ గడిపి, గంట గంటకూ ఆమె ఎక్కడుందో, మిగతావాళ్ళు ఎక్కడున్నారో రాసుకున్నాను. రెండో పిరియడ్ తర్వాత పిల్లలు ఆడుకునే అరగంట విరామంలో ఐదు, ఆరు తరగతుల టీచర్లు మూడో అంతస్తులోని యొన్గుషిల్‌లో చేరతారు. తరగతుల టీచర్లు కలిసి వాడుకునే చిన్న పనిగది అది. పొట్లాల కాఫీ కలుపుకుంటారు. నిలబడే మాట్లాడుకుంటారు. "మీ నాలుగో పిరియడ్ నాకివ్వండి, రేపు నాది తీసుకోండి." అంతే. పిరియడ్లు మారేది అక్కడ. పట్టికలోకి ఎక్కేది తర్వాత, కొన్నిసార్లు అసలు ఎక్కదు. సహోపాధ్యాయినికి కూడా అక్కడే, అప్పుడే తెలుస్తుంది. కొత్త టీచరు ఆ అరగంట నాలుగో అంతస్తులో పాఠానికి సిద్ధపడుతూ ఉంటుంది. ఆ రోజు ఐదు గంటల పాటు ఆమెతో పెద్దవాళ్ళెవరూ మాట్లాడలేదు.

మన పెళ్ళిళ్ళలో ముహూర్తానికి ముందు ఏ పని ఎప్పుడు మారిందో ఎవరూ చీటీ రాసి పంపరు. వంటల దగ్గర కూర్చున్నవాళ్ళకు అన్నీ తెలుస్తాయి. విడిదింట్లో ఉన్నవాళ్ళకు ఏదీ తెలియదు. నేను కొరియాకు వచ్చిన కొత్తలో ఆలోచించకుండానే ఉపాధ్యాయుల గదిలో ఒక మూల చోటు చూసుకున్నాను. నాకు ఈ సమస్య రాకపోవడానికి కారణం నా తెలివి అనుకున్నాను ఇన్నాళ్ళూ. అది నా కుర్చీ ఉన్న చోటు.

ఇంగ్లీషు గదికి విడిగా మంచి గది ఇచ్చి, కొత్త కంప్యూటర్, హీటర్ పెట్టడం బడి వారు గౌరవంగా చేసిన పని. ఆ గౌరవమే ఆమెను దూరం చేసింది.

ఆమె బల్లను కిందికి మార్చాలని నాకు స్పష్టమైంది. మళ్ళీ క్యోగామ్ దగ్గరికి వెళ్తే ఒక్క రోజులో పని అయ్యేది. వెళ్ళలేదు. ముందు సహోపాధ్యాయినిని కలవాలి, క్షమాపణ చెప్పాలి, ఏం చేయాలో ఆమెనే అడగాలి అని నిర్ణయించుకున్నాను. ఆమె ఇష్టం లేకుండా బల్ల మారితే, ఆ గదిలో కొత్త టీచరు ఇంకా ఒంటరిదవుతుంది. 2016 సెప్టెంబరు నుంచి ఇక్కడ ఉపాధ్యాయులకు కానుకలు ఇవ్వడం మీద కఠినమైన చట్టం ఉంది కాబట్టి, పండ్లయినా లేకుండా ఉత్త చేతులతో వెళ్ళాను. క్షమాపణకు ఉత్త చేతులతో వెళ్ళడం మన అలవాటు కాదు, మనసుకు కష్టంగానే ఉండింది. మన మీరు, నువ్వుల లాగే కొరియన్‌లోనూ మర్యాద వరుసలున్నాయి. అన్నిటికంటే పై వరుసలో, చ్వెసోంగ్హమ్నిదా అన్నాను. మిమ్మల్ని అడగకుండా ఆ సమావేశం పెట్టడం నా తప్పు అన్నాను.

చాలాసేపటి తర్వాత ఆమె చెప్పిన మాట ఈ కేసుకు రెండో తాళంచెవి. "మార్పు తెలియగానే చెప్పాలనుకుంటాను. కానీ ముందు మనసులో ఇంగ్లీషు వాక్యం కట్టుకోవాలి. తప్పు మాట్లాడితే ఇంగ్లీషు టీచరును అయ్యుండి ఇదేమిటని ఆమె అనుకుంటుంది. కట్టుకునేలోపు గంట మోగుతుంది."

నేను తెలుగు మీడియంలో చదివినదాన్ని. ఆ మాట నాకు వివరించాల్సిన పని లేదు. కొరియన్ వాక్యంలోనూ మన వాక్యంలో లాగే క్రియ చివర వస్తుంది. ఇంగ్లీషులో నామవాచకం ముందు పెట్టే ఎ, ది లాంటి చిన్న పదాలు వాళ్ళకూ లేవు, మనకూ లేవు. బస్ అనే మాట మన నోట బస్సు అయినట్టే వాళ్ళ నోట బొసు అవుతుంది. నలుగురిలో ఇంగ్లీషు మాట్లాడాల్సి వచ్చినప్పుడు గొంతులో అడ్డుపడేది ఏమిటో నాకు తెలుసు. ఇన్నాళ్ళూ ఆమె బద్ధకమో, పట్టనితనమో అని మేము అనుకున్నది ఇదీ.

అప్పటివరకు నా ప్రయత్నాలన్నీ ఆమె చేత ఇంకా ఎక్కువ ఇంగ్లీషు మాట్లాడించేవి, రాయించేవి. ఇప్పుడు దిశ మార్చాం. మార్పులు కొరియన్‌లోనే చెప్పాలి, కొత్త టీచరే నేర్చుకోవాలి. ఇద్దరం కూర్చుని ఒక కార్డు తయారుచేశాం. అందులో పన్నెండు మాటలు. ఒకటి నుంచి ఆరు వరకు అంకెలు, తర్వాత ఆరు మాటలు: క్యోషి అంటే పిరియడ్, ఒనుల్ అంటే ఈరోజు, నెయిల్ అంటే రేపు, ప్యొన్గ్యొంగ్ అంటే మార్పు, చ్విసో అంటే రద్దు, కాంగ్దాంగ్ అంటే హాలు. "ఒనుల్, సా క్యోషి, చ్విసో." ఈరోజు నాలుగో పిరియడ్ రద్దు. నడుస్తూ నడుస్తూ చెప్పేయవచ్చు. కొత్త టీచరు రెండు రోజుల్లో నేర్చుకుంది.

బల్ల సంగతి నేను ఎత్తలేదు. కార్డు పూర్తయ్యాక సహోపాధ్యాయినే, యొన్గుషిల్‌లో కిటికీ పక్కన ఒక బల్ల ఖాళీగా ఉంది, ఆమె అక్కడ కూర్చుంటే నాకు మెట్లెక్కే పని ఉండదు అంది. తానే వెళ్ళి క్యోగామ్‌ను అడిగింది. డిసెంబరు మొదటి వారంలో ఇద్దరూ కలిసి కంప్యూటర్‌ను కిందికి మోసుకొచ్చారు.

మొదటి వారం కొత్త టీచరుకు కష్టంగానే ఉంది. అర్థంకాని భాష చుట్టూ గలగలమంటుంటే తలనొప్పి వచ్చేదని చెప్పింది. పైకి వెళ్ళిపోవాలనిపిస్తే వెళ్ళండి, కానీ విరామం అరగంట మాత్రం కిందే ఉండండి అన్నాను. రెండో వారానికి కాఫీ ఎవరు ఎలా తాగుతారో తెలిసింది. బుధవారం సాయంత్రాలు టీచర్లు వాలీబాల్ ఆడతారనీ, మూడు నెలలుగా ఆ బడిలో ఉండి ఆ సంగతే తనకు తెలియదనీ ఆశ్చర్యపోయింది. ఆటలో ఆమె ఏమంత గొప్ప కాదు, వెళ్ళడం మాత్రం మానలేదు. పిరియడ్లు ఎప్పటిలాగే మారాయి. మారినప్పుడు ఆమె అక్కడే ఉంది.

తర్వాత

డిసెంబరులో వెళ్ళిపోతానన్న మనిషి ఆగస్టు వరకు ఉండి ఏడాది పూర్తిచేసింది. ఒప్పందం పొడిగించుకోలేదు. ఇంటి మీద బెంగ నిజమైనదే, దాన్ని ఏ బల్లా తీర్చదు. దాన్ని నేను వైఫల్యంగా లెక్కించడం లేదు.

మార్చిలో కొత్త విద్యాసంవత్సరం మొదలైనప్పుడు నాకు భయం వేసింది. ప్రభుత్వ ఉపాధ్యాయులు కొన్నేళ్ళకోసారి బడి మారాల్సిందే. ఫిబ్రవరిలో ఆ గదిలోని సగం మంది వెళ్ళిపోయారు. సహోపాధ్యాయిని ఒప్పందం కూడా ముగిసింది, సెలవులో ఉన్న టీచరు తిరిగి వచ్చింది. కొత్తగా వచ్చినవాళ్ళకు కిటికీ పక్కన బల్ల ఉన్న విదేశీయురాలు ముందునుంచీ ఆ గదిలో మనిషే అయింది. ఎవరూ ఏమీ కొత్తగా ఏర్పాటు చేయాల్సి రాలేదు. మనుషుల మధ్య స్నేహం మీద ఆధారపడి ఉంటే ఇది మార్చిలో కూలిపోయేది. కుర్చీ అక్కడే ఉండటం వల్ల నిలిచింది.

ఇప్పుడు కొత్తవాళ్ళు రాగానే నేను మొదట అడిగేది పాఠాల గురించి కాదు. మీ బల్ల ఎక్కడుంది, మధ్యాహ్నం ఎవరి పక్కన తింటారు, విరామంలో టీచర్లు ఏ గదిలో చేరతారు అని అడుగుతాను. మూడో ప్రశ్నకు జవాబు తెలియనివారి బడికి ఆ నెలలోనే వెళ్ళి చూస్తాను. ప్రతి బడిలోనూ బల్ల మార్చమని చెప్పను. మొన్నటికి మొన్న ఒక బడిలో విరామం గది అసలు లేదు, అందరూ ఎవరి తరగతిలో వాళ్ళే ఉంటారు. అక్కడ భోజనాల బల్ల దగ్గర చోటు మారిస్తే సరిపోయింది.

సహోపాధ్యాయినికి వేరే ఊళ్ళో ఉద్యోగం దొరికింది. ఏప్రిల్‌లో ఆమె నుంచి సందేశం వచ్చింది. కొత్త బడిలోనూ ఒక వొనొమిన్ టీచరు ఉన్నాడట, ఆ కార్డు ఇంకో ప్రతి కావాలంది. నా దగ్గర ఉన్నది చిత్తుప్రతి. అందుకని కొత్త టీచరును అడిగితే తన బల్ల మీద అతికించుకున్న కార్డును ఫొటో తీసి పంపింది. అంచులు నలిగి, కాఫీ మరక పడి ఉంది. పన్నెండు మాటల కింద, పెన్నుతో, ఇంకా వంకర పోని కొరియన్ అక్షరాల్లో ఆమె పదమూడోది రాసుకుంది: తేపి. ప్రమాదం నుంచి తప్పించుకుని సురక్షితమైన చోటికి వెళ్ళడం అని అర్థం.